ఎడమ నుంచి మూడోవాడు

ముడతలు పడ్డ ముసలి చేతుల ఫోటోలు తొమ్మిది. బన్సీలాల్‌పేట మెట్లబావి పద్నాలుగు. పొగలు కక్కే చాయ్ గ్లాసులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం తాతారావు ఆరోదాని దగ్గరే మానేశాడు.

"వీళ్ళందరికీ కలిపి ఒకటే కన్ను ఉన్నట్టుంది. వంతులవారీగా పెట్టుకుని తీస్తున్నారు," అన్నాడు భార్యతో.

సీతారత్నం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. "మీకు రెండున్నాయిగా, మీరు చూడండి," అంది తలెత్తకుండానే.

చూడక తప్పని పని అది. యుగంధర్ అనే కంప్యూటర్ కుర్రాడు, వాడి స్నేహితులు కలిసి ఫోన్లతో ఫోటోలు తీసుకునే సంఘం ఒకటి పెట్టారు. పని లేని మంగలి పిల్లి తల గొరిగినట్టు, వాళ్ళకొక పోటీ తట్టింది. రోజూ కళ్ళబడేది ఏదైనా సరే ఫోటో తీయాలి, దాని వెనకున్న కథ ఒక పేజీకి మించకుండా రాయాలి. అరవై మూడు వచ్చాయి. అందులో నలభై ఏరి గోడకెక్కించాలి, మిగతావి తీసి పక్కన పడెయ్యాలి. ఏరే పని తాతారావుది. ఆదివారం చిలకలగూడలో ఫంక్షన్ హాల్లో ప్రదర్శన పెట్టి, అదే వేదిక మీద ఆయనకు శాలువా కప్పి 'ఛాయాబ్రహ్మ' అనే బిరుదు ఇస్తారు. ఆ బిరుదు ఎవరు ఆలోచించారని అడక్కండి. సన్మానపత్రం ఎవరు రాశారని అసలే అడక్కండి. అందులో 'మహోన్నత' అనే మాట నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ తాతారావు దస్తూరీతోనే వచ్చింది.

సామర్లకోట నుంచి వచ్చి చిలకలగూడలో నలభై ఏళ్ళు రత్నం స్టూడియో నడిపిన మనిషి. స్టూడియో మూసి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు ఆ షట్టర్ కింద ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. అటుగా వెళ్ళినప్పుడల్లా ఆయన మొహం పక్కకు తిప్పుకుంటాడు. కెమెరా అనే వస్తువును ఫోన్లో ఒక మూలకు కుక్కి, వీధిలో ప్రతివాడి చేతిలో పెట్టినవాడెవడో వాడిని ఆయన ఈ జన్మలో క్షమించడు. పోటీ పోస్టర్ మీద ఆయన బొమ్మ కింద ఆయన చెప్పిన రెండు మాటలు అచ్చేశారు: 'ఒకసారి చూసిన ముఖం మర్చిపోను. తీసిన నెగటివ్ ఒక్కటి కూడా పారేయలేదు.' ఆ పోస్టర్ మడత పెట్టి బీరువాలో దాచుకున్నాడు.

ఫోటోలు సరే, కథలు చదువుతుంటే ఆయనకు ఒళ్ళు మండిపోయింది. యామిని అనే అమ్మాయి అంచు విరిగిన కప్పు తీసి, 'ఇది కప్పు కాదు, నేను' అని రాసింది. సత్యదేవ్ అనే బ్యాంకు ఆఫీసరు గుమ్మం దగ్గర అరిగిపోయిన చెప్పుల జత తీసి, 'నాన్న వెళ్ళిపోయారు. చెప్పులు మిగిలాయి' అని రెండే ముక్కలు రాసి వదిలాడు. ఆ నాన్న ఎవరో తాతారావుకు తెలుసు. పేరు బ్రహ్మచారి. ఆ పొద్దున్నే హోటల్లో రెండు ప్లేట్ల పూరీ తిని, మూడోది చెప్పి, ఈయన్ని చూసి చెయ్యి కూడా ఊపాడు. కాళ్ళకు కొత్త బూట్లున్నాయి.

"కొడుకు బూట్లు కొనిచ్చాడు కనక చెప్పులు మిగిలాయి. అబద్ధమని ఎలా అంటాం? వెళ్ళిపోయాడన్నాడు, హోటలుకే వెళ్ళాడు," అన్నాడు తాతారావు. నవ్వాడు గానీ అది సరదా నవ్వు కాదు. వెలుగు ఎటునుంచి పడుతోందో తెలియనివాళ్ళు, చెయ్యి వణక్కుండా ఒక్క క్షణం నిలబడలేనివాళ్ళు, కన్నీళ్ళు మాత్రం కొలతల ప్రకారం తెప్పిస్తున్నారని ఆయన కోపం.

నలభై ఒకటో ఫోటో దగ్గర చెయ్యి ఆగింది.

అది ఒక పటం వెనక వైపు. పెచ్చులూడిన గోడ, ఒక మేకు, దానికి వేలాడుతూ వెనక్కి తిరిగిన ఫోటో ఫ్రేము. గోధుమరంగు అట్ట మీద మధ్యలో పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. బొట్టుకు కాస్త కింద ఊదారంగు ముద్ర: రత్నం ఫోటో స్టూడియో, చిలకలగూడ, ప్రొ. తాతారావు. ఫోకస్ కుదరలేదు, ఒక మూల వేలు కూడా అడ్డొచ్చింది. అయినా ఆయన మొహం వెలిగిపోయింది.

"రత్నం, ఇలా చూడు! నా ముద్రకు బొట్టు పెట్టి పూజ చేస్తున్నారు. పనంటే అదీ. ఈ కప్పులూ చెప్పులూ ఎవడికి కావాలి? దీన్ని వేదిక పక్కనే పెట్టిస్తాను," అన్నాడు.

తర్వాత కథ చదివాడు.

"తాతారావు సార్‌కు నమస్తే. నా పేరు స్వర్ణలత. తిరుమలగిరిల ఉంటం. నేను దవాఖానల నర్సును. ఫోటో నా ఫోన్‌తోని తీసిన, సక్కగ రాలేదని ఎర్కనే.

"ఇది మా నాయిన పటం. ముప్పై ఎనిమిదేండ్ల సంది గిట్లనే గోడకు మొఖం పెట్టుకొని ఉన్నది. మా నాయిన పేరు జంగయ్య, వడ్లపని. మిలిటరీ క్వార్టర్లకు కుర్సీలు, బల్లలు చేసే కార్ఖానల ఉండేటోడు. చెవుల పెన్సిల్ పెట్టుకుంటే అన్నం తినేటప్పుడు సుత తియ్యకపోయేటోడట. మా అమ్మ గదొక్కటే ఎప్పుడూ చెప్తది. ఎనభై ఆరుల దీపావళి ఎల్లినంక జరమొచ్చి పోయిండు. నేనప్పుడు అమ్మ కడుపుల ఉన్న.

"ఇంట్ల ఆయనది ఒక్క ఫోటో లేదు. దసర నాడు కార్ఖానల ఆయుధపూజకు అందరిని వరుసగ నిలవెట్టి ఒకటి తీసిన్రు. సేటును బతిమిలాడి గది అడుక్కొచ్చి మా కాక మీ స్టూడియోకు తెచ్చిండు. పోయినోళ్ళ మొఖం మీద గీత పెట్టొద్దని నోటితోనే చెప్పిండట, ఎడమ దిక్కు నుంచి మూడో మనిషి అని. పదకొండో దినం పొద్దున పటం వచ్చింది. కుర్సీల పెట్టి దండ ఏసిన్రు. మా అమ్మ లోపట్నుంచి వచ్చి చూసింది.

"గది మా నాయిన కాదు. భద్రయ్య అని, నాయినతోని పని చేసేటోడు. బతికే ఉన్నడు. గప్పుడే బువ్వ తింటందుకు వచ్చి అర్రల కూసున్నడు. తన మొఖానికి దండ చూసుకొని లేసి ఉరికిండు. ఇయ్యాలటి దాంక మా గడప తొక్కలె. ఎనభై నాలుగేండ్లొచ్చినయ్, గట్టిగనే ఉన్నడు.

"అమ్మ మీ దగ్గరికి రెండుసార్లు వచ్చింది. ఏడ్చి ఏడ్చి నీ కండ్లు పోయినయ్, ముఖాలు చూసి బతికేటోన్ని నాకు తెల్వదా, ఇది నీ మొగుడే అని ఎల్లగొట్టిన్రు. నెగటివ్ అడిగితే పారేసిన అన్నరు. సేటు ఫోటో సేటుకు పోయింది. కార్ఖాన మూసిన్రు, సేటు ఎటు పోయిండో ఎవలకు తెల్వదు.

"పటం తీస్తె అరిష్టమన్నరు. ఉంచితె బతికున్నోనికి అరిష్టమన్నరు. గందుకే పెద్దలు దాన్ని గోడ దిక్కు తిప్పిన్రు. అమ్మ వెనక అట్టకే బొట్టు పెడ్తది. చిన్నప్పుడు నాయిన ఏడి అంటే గదే చూపెట్టేది. నాకు చదువు వచ్చినంక మొదలు చదివింది మీ ముద్రనే సార్. కొన్నొద్దులు మా నాయిన పేరు తాతారావు అనుకున్న.

"ఇప్పుడు అమ్మకు తక్లీఫ్ ఏందంటే, కండ్లు మూసుకుంటే నాయిన మొఖం వస్తలేదు, భద్రయ్య మొఖం వస్తుంది. మీరు ఒక్క నెగటివ్ సుత పారేయలేదని పోస్టర్ల చూసిన. ఉంటే చూపెట్టున్రి. మా నాయినను ఒక్కసారి చూడాలె. బహుమతి నాకొద్దు."

తాతారావు కాగితం బోర్లా పెట్టాడు. కాసేపు కిటికీలోంచి చూశాడు. తర్వాత ఎర్ర పెన్ను తీసుకుని ఫోటో వెనక 'ఫోకస్ లేదు, వేలు అడ్డు' అని రాసి, తీసేసిన వాటి కట్టలోకి తోశాడు. వాటిలో ఫోకస్ లేనివి ఇంకా చాలా ఉన్నాయి. గోడకెక్కించే కట్టలోనూ ఉన్నాయి. కానీ న్యాయమూర్తి కుర్చీలో కూర్చున్నవాడికి కారణాలకు కొదవేమిటి?

సీతారత్నం ఈనెలు దులుపుకుని లేచింది. "వేదిక పక్కన పెట్టిస్తానన్నారే, అదెక్కడ?" అంటూ కట్టలోంచి లాగి, నిలబడే మొత్తం చదివింది. చదివాక కూర్చుంది.

"నాకు గుర్తుంది ఈ పిల్ల తల్లి," అంది. "కొంగు నోట్లో కుక్కుకుని మన మెట్ల మీద కూర్చుంది. కడుపుతో ఉంది. మంచినీళ్ళిస్తే తాగలేదు. ఆ పటాన్ని పేపర్లో చుట్టింది నేనే."

"వందల పటాలు కట్టాం. ఏదో ఒకటీ అరా పొరపాటు జరక్కుండా ఉంటుందా? అయినా నా పొరపాటని ఎవరన్నారు? డార్క్‌రూమ్‌లో యేసుదాసు ఉండేవాడు. వాడి నిర్వాకం అయ్యుంటుంది."

"యేసుదాసు మన దగ్గర చేరింది తొంభైలో."

గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. ఎరక్కపోవడం గింజ అదృష్టం. ఈయన పక్కన సీతారత్నం ఉంది.

"నెగటివ్ ఉందా?" అని అడిగింది.

ఉంటుందని ఆయనకు తెలుసు. ఆరోజు పారేశానన్నది నెగటివ్ లేక కాదు, వెతకడం బద్ధకమై. వెతికితే తప్పు బయటపడుతుందేమోనన్న భయం కూడా కొంత ఉండి ఉంటుంది. ఆ సంగతి ఆయన తనకు తాను కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

అటక మీద నాలుగు ట్రంకు పెట్టెలు. ఎనభై ఆరు నవంబరు కవరు అరగంటలో దొరికింది. కవరు మీద తన దస్తూరీ: 'జంగయ్య. గ్రూపు. ఎడమ నుంచి 3.' లోపల సేటు ఫోటోను తిరిగి తీసిన ఫిల్ము ముక్క. కవరుకు గుచ్చి, అప్పట్లో అలవాటుగా తీసుకునే చిన్న నమూనా ప్రింటు. గుండ్రటి మొహం, పల్చటి మీసం. భద్రయ్య కాబోలు. ఆయన చూపు మొహం మీద నిలవలేదు, చొక్కా మీదికి జారింది.

చొక్కా జేబు ఆ మనిషికి కుడివైపు ఉంది.

ఎక్కడైనా మగవాడి చొక్కాకు జేబు ఎడమవైపే ఉంటుంది. కుడికి వచ్చిందంటే ఒకటే అర్థం. నెగటివ్‌కు ఒక పక్క మెరుపు ఉంటుంది, ఇంకో పక్క మసక. ప్రింటు వేసేటప్పుడు ఏ పక్క కిందికి ఉండాలన్నది ఈ పనిలో మొదటిరోజు నేర్పే మొదటి ముక్క. అది తిరగబడితే ఎడమ కుడవుతుంది. తిరగేసి పెట్టి, ఎడమ నుంచి మూడు లెక్కపెట్టి, అవతలి కొస నుంచి మూడోవాణ్ణి తీశాడు. పుస్తకాల్లో ఓనమాలు అంటారే, అది. ఈ అరవై మూడు మంది ఫోన్లవాళ్ళు ఎంత మొద్దులైనా ఆ తప్పు చేయలేరు, వాళ్ళ ఫోన్లకు తిరగేసే వీలే లేదు.

ఆయన ఆ నమూనా ప్రింటును నాలుగు ముక్కలు చేసి చొక్కా జేబులో, ఎడమ జేబులో, పెట్టుకున్నాడు.

ఫిల్మును ఈసారి సరైన పక్కకు తిప్పి కిటికీ వెలుగుకు పట్టాడు. వరుసగా ఎనిమిది మంది. వాళ్ళ ముందు రంపాలు, ఉలులు, పూలు చుట్టిన కోత మిషను. ఎడమ నుంచి మూడోవాడు ఎత్తుగా, సన్నగా ఉన్నాడు.

"దొరికాడు," అన్నాడు. "రేపు ల్యాబులో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, నేనే తీసుకెళ్ళి ఇస్తాను. సంతోషపడతారు. ఆ కథ వెనక్కి తీసుకుంటారు. ఆదివారం ఏ గొడవా ఉండదు."

"ఆ పిల్లని పిలిచి ఫిల్ము చూపించి, ఎవరమ్మా మీ నాన్న అని అడిగితే పోలా?"

"నేనా? అడగడమా? ఎడమ నుంచి మూడు అని కవరు మీదే ఉంటే ఇంకా అడిగేదేమిటి?"

సీతారత్నం ఆయన్ని పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో యాభై ఏళ్ళు కాపురం చేసినావిడ. లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు ఆయన ల్యాబు నుంచి పటం తెచ్చుకుని తిరుమలగిరి బయల్దేరే ముందు, సంచిలో ఫిల్ము ఉన్న ఆ కవరు కూడా పెట్టింది.

శనివారం మధ్యాహ్నం తిరుమలగిరిలో ఆటో దిగేసరికి తాతారావు మంచి హుషారులో ఉన్నాడు. పట్టుచొక్కా ఒక్కటే తక్కువ, సన్మానానికి వెళ్తున్నట్టే ఉన్నాడు. పేపర్లో చుట్టిన పటం చంకలో ఉంది. దారిపొడుగునా ఏం మాట్లాడాలో అనుకుంటూ వచ్చాడు. 'కాలం తప్పు చేయించింది, కళ దిద్దింది' అనే వాక్యం ఆయనకు బాగా నచ్చింది. వీలైతే రేపు వేదిక మీద కూడా వాడొచ్చు.

రెండు గదుల ఇల్లు. స్వర్ణలత డ్యూటీకి వెళ్ళే చీరలో ఉంది. తల్లి విజయమ్మ మంచం మీద కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి, లేవలేదు. లేవాలని కూడా అనుకున్నట్టు లేదు. ఎదురుగోడకు అదే పటం, అట్ట మీద ఆ పొద్దుటి బొట్టు ఇంకా తడిగానే ఉంది. తన పేరు ఆ బొట్టు కింద చూసి తాతారావుకు ఈసారి గర్వం రాలేదు.

"కూసోండి సార్," అంది స్వర్ణలత. కుర్చీ లాగింది గానీ మంచినీళ్ళు తేలేదు.

ఆయన కూర్చోలేదు. నిలబడే పేపరు విప్పాడు. "అమ్మా, కాలం తప్పు చేయించింది, కళ..." అని మొదలుపెట్టి, పటం విజయమ్మ ఒళ్ళో పెట్టాడు.

స్వర్ణలత తల్లి భుజం మీదుగా వంగింది. ఆమె కళ్ళు పటంలోని మనిషిని ఒక్కచోట వదలకుండా తడిమాయి, నుదురు, ముక్కు, చెవులు. తన ముక్కు అక్కడ ఉందేమోనని వెతుకుతోందని చూసేవాళ్ళకెవరికైనా తెలుస్తుంది.

"అమ్మా, నాయిననేనా?" అంది.

విజయమ్మ చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి తాతారావును చూసింది.

"గీయన ఎవలు?"

"అదేమిటమ్మా, మీ ఆయన. ఈసారి పక్కాగా..."

"గీయన నాకు తెల్వది. ఎవలో కొత్తగ చేరినోడు గావచ్చు."

స్వర్ణలత వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. చేతిలో చీర చెంగు నలుపుతోంది.

తాతారావుకు చెమట పట్టింది. ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి మాట నాలుక చివరి దాకా వచ్చేసింది. "చాలా ఏళ్ళయింది కదమ్మా, మీకు సరిగ్గా గుర్తు..."

"అను," అంది విజయమ్మ. "ఏడ్చి ఏడ్చి కండ్లు పోయినయ్ అను. గప్పుడు పాతికేండ్లది, నువ్వన్నది నమ్మి ఇంటికివోయి అద్దంల నా కండ్లు చూసుకున్న. నిజంగనే పోయినయేమో అనుకున్న. ఇప్పుడు మోతెబిందు ఆపరేషన్ అయింది. మంచిగ కనవడ్తున్నయ్. నువ్వు సుత మంచిగనే కనవడ్తున్నవ్."

ఆయన సంచిలో చెయ్యి పెట్టాడు. రుమాలు కోసం పెడితే కవరు తగిలింది. అది బయటికి రాగానే స్వర్ణలత ముందుకొచ్చి చేతిలోంచి తీసేసుకుంది. అడగలేదు, లాక్కోనూ లేదు, మందులు పంచే మనిషి తీసుకున్నట్టు తీసుకుంది.

"జాగ్రత్త, వేలిముద్రలు పడతాయి, అంచులు పట్టుకోవాలి..." అన్నాడు తాతారావు. ఎవరూ వినలేదు.

విజయమ్మ ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకుంది. నల్లవి తెల్లగా, తెల్లవి నల్లగా ఉన్న ఎనిమిది దయ్యాలు. ఆమె పెదాలు కదులుతున్నాయి. స్వర్ణలత ఫోన్ తీసి, తల్లి చేతి వెనక కిటికీ వెలుగు ఉండేలా వంగి, ఒక ఫోటో తీసింది. తెర మీద ఏదో ఒకచోట నొక్కింది. దయ్యాలు మనుషులయ్యాయి. రెండు వేళ్ళతో పెద్దది చేసింది.

డార్క్‌రూమ్ లేదు, మందునీళ్ళు లేవు, ఎర్రలైటు లేదు. తాతారావు నోరు తెరుచుకుని చూశాడు. "అలా తీస్తే ఏం వస్తుందమ్మా? ఫోకస్ ఉండదు, అంతా గ్రెయిన్, చుక్కలు చుక్కలుగా..."

"ఇగో," అంది విజయమ్మ.

ఆమె వేలు తెర మీద ఒక మనిషి దగ్గర ఆగింది. ఎడమ నుంచి నాలుగోవాడు. పొట్టిగా, భుజాలు వెడల్పుగా ఉన్నాడు. పండగ చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. కుడి చెవి మీద పెన్సిల్ మాత్రం తీయడం మర్చిపోయాడు.

స్వర్ణలత ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ముక్కు ఆయనదే. విజయమ్మ ఏడవలేదు. "మర్లపడ్డవా?" అంది, తెరలోని మనిషితో, మెల్లగా, పని నుంచి ఆలస్యంగా ఇంటికొచ్చిన మొగుణ్ణి అడిగినట్టు.

"నాలుగోవాడు కదా," అన్నాడు తాతారావు. ఆయనకు ఇంకా లెక్క కావాలి. "కవరు మీద మూడని ఉంది. మీ మరిదే తప్పు చెప్పాడన్నమాట!" ఆ మాటలో ఎంత ఊరట ఉందో చెబితే సిగ్గుచేటు.

"మా మరిది తప్పు చెప్పలె. ఈ కొసకు నిలవడ్డది ఎవలు? సేటు. సేటు మా లెక్కల ఎట్లొస్తడు? మా మరిది మనోళ్ళను లెక్కవెట్టి చెప్పిండు. మూడోవాడే."

తాతారావు తెర వైపు చూశాడు. ఎడమ కొసన ఇస్త్రీ మడతల లాల్చీ, చేతికి వాచీ, మిగతా ఏడుగురి కంటే బెత్తెడు ఎడంగా నిలబడ్డ మనిషి. సేటని గుడ్డివాడికైనా తెలుస్తుంది.

"మనసుల పెట్టి చూస్తే గదంత అవసరం సుత లేకుండె సార్," అంది స్వర్ణలత కళ్ళు తుడుచుకుంటూ. "చెవుల పెన్సిల్ ఉంటదని రాసిన గదా. చదవలేదా?"

చదివాడు. 'ఎల్లగొట్టిన్రు' అన్న మాట దగ్గర నాలుగుసార్లు చదివాడు. పెన్సిల్ దగ్గర ఒక్కసారే చదివాడు.

"సరేనమ్మా. అంతా మంచికే. మీ నాన్న మీకు దొరికాడు," అన్నాడు. ఎందుకొచ్చాడో ఇంకా వదల్లేదు. "ఈ ఫిల్ము నాకివ్వండి, ఫస్టు క్లాసు ప్రింటు వేయించి పంపుతాను. ఫోన్లోది మసక మసకగా ఉంది, ఫోకస్ లేదు. ఆ రాసిన కాగితం మాత్రం... రేపు పెద్దమనుషులు వస్తారు, గోడ మీద అలాంటివి..."

"ఫోకస్ నువ్వే ఉంచుకో," అంది విజయమ్మ. "మనిషి మాకు చాలు."

స్వర్ణలత అప్పటికే ఫోన్లో ఏదో పంపుతోంది. "కాగితం వాపస్ తీస్కోం సార్. యుగంధర్ సార్‌కు ఇప్పుడే ఈ ఫోటో సుత పంపిన. ఇంకో నాలుగు ముక్కలు రాసి పెడ్త. మీరు ఇంటికొచ్చింది సుత రాస్త."

ఆమె కుర్చీ ఎక్కి మేకు నుంచి పాత పటం తీసింది. గోడ మీద నలుచదరంగా కొత్త సున్నంలాంటి తెల్లటి మచ్చ బయటపడింది. అట్ట మీది బొట్టును విజయమ్మ కొంగుతో శుభ్రంగా తుడిచేసింది. ముద్ర కూడా కొంచెం చెరిగింది. పాత పటం, కొత్త పటం రెండూ కలిపి అదే పేపర్లో చుట్టి తాతారావు చేతిలో పెట్టింది.

"ఇవి నీయే. మా ఇంట్ల పరాయి మొగోళ్ళెందుకు?"

ఆయన చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. గడప దాటుతుంటే వెనక నుంచి ఆమె గొంతు మళ్ళీ వినిపించింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ముప్పై ఎనిమిదేండ్లు. రెండుసార్లు పటం కట్టినవ్. ఒక్కసారన్న అడిగినవా, మీ ఆయన ఎవలమ్మా అని?"

ఆటో చిలకలగూడ వైపు కదిలింది. పటాల మీద పేపరు గాలికి ఊడి కాళ్ళ దగ్గర పడింది. జేబులో ఫోన్ మోగింది. యుగంధర్. తీయలేదు. కాసేపటికి సందేశం వచ్చింది: 'సార్, నలభై ఒకటి పొరపాటున తీసేసిన వాటిలో ఉంది. వాళ్ళు రెండో ఫోటో పంపారు. మాకందరికీ మాటల్లేవు. రెండూ కలిపి వేదిక పక్కనే పెడుతున్నాం. మీకు అభ్యంతరం లేదుగా?' తాతారావు ఫోన్ బోర్లా పెట్టాడు. బోర్లా పెట్టడం ఆయనకు అలవాటే.

ఒళ్ళో ఇద్దరు మగవాళ్ళు ఆయన వైపే చూస్తున్నారు. గుండ్రటి మొహం, జేబు కుడివైపు. ఎత్తుగా, సన్నగా ఉన్నవాడు, జేబు ఎడమవైపు. ఒకసారి చూసిన ముఖం మర్చిపోనని పోస్టర్ మీద వేయించుకున్న మనిషి ఆ రెండోవాణ్ణి తదేకంగా చూశాడు. బతికున్నాడో లేడో, ఏ ఇంట్లో ఎవరు ఇలాంటి మొహం కోసం వెతుకుతున్నారో.

సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. డ్రైవరు అద్దంలోంచి పటాలు చూసి చెవులు పట్టుకుని దణ్ణం పెట్టుకున్నాడు.

"మీ అన్నదమ్ములా సార్? గుండ్రటాయన ఎవలు?"

"భద్రయ్య."

"గా పక్కాయన?"

తాతారావు పటాన్ని మెల్లగా బోర్లించాడు.

"అడగలేదు," అన్నాడు.